తొమ్మిదేళ్ల తర్వాత మా పిల్లల పుస్తకాల అర

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అమ్మాయికి నాలుగేళ్లప్పుడు తెలుగు పుస్తకాలు కొనడం మొదలుపెట్టాను. ఇప్పుడు దానికి పదమూడు, తమ్ముడికి ఎనిమిది. ఇన్నేళ్లలో కొన్నవాటిలో అరలో నిలిచినవి ఇరవై రెండే.

మొదట్లో బొమ్మలు చూసి కొనేదాన్ని. అలా కొన్న ఒక నీతికథల పుస్తకం దళసరి అట్టతో ఎంతో ముచ్చటగా ఉండేది. రెండో పేజీలోనే ‘మృగరాజు ఆగ్రహోదగ్రుడై’ అని వచ్చింది. "అమ్మా, సింహానికి జ్వరం వచ్చిందా?" అని అడిగింది పాప. ఆ పుస్తకం మళ్లీ తెరవలేదు. అప్పటినుంచి ఏది కొన్నా ముందు ఒక పేజీ పైకి చదువుతాను. మా అమ్మ కథ చెబుతున్నట్టు వినిపిస్తేనే తీసుకుంటాను. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆయన పట్టుదల ఎందుకో నాకు ఆ సింహం దగ్గర అర్థమైంది.

ఈ పరీక్షలో అన్నింటికన్నా బాగా నెగ్గింది ‘రైలుబడి’. జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనాగి చిన్ననాటి జ్ఞాపకాలు. పాత రైలుపెట్టెలే అక్కడ తరగతి గదులు. మా అమ్మ చిన్నప్పుడు ఎక్కిన నౌపడా–గుణుపురం చిన్న రైలు కబుర్లు విన్న పిల్లలు కాబట్టి, ఆ బడి వాళ్ల కళ్లకు వెంటనే కట్టింది. మొదటిరోజు ప్రధానోపాధ్యాయుడు టోటోచాన్ (చిన్నప్పుడు రచయిత్రి పేరు అదే) కబుర్లు నాలుగు గంటలు కూర్చుని వింటాడు. ఆ చోటికి వచ్చినప్పుడల్లా మా అమ్మాయి నన్ను ఆపి, మళ్లీ మొదటినుంచి చదివించుకునేది.

1947లో మొదలైన చందమామ పాత సంచికలు కుట్టించిన సంపుటం కూడా ఉంది. బేతాళ కథలు రాత్రిపూట చదివి వినిపించడానికి వాటికి సాటి లేదు. అచ్చు మాత్రం చిన్నది, పిల్లలు సొంతంగా చదువుకోవడానికి కష్టం.

బాబు సొంతంగా చదవడం మొదలుపెట్టినప్పుడు పెద్ద అక్షరాల ఆవశ్యకత తెలిసింది. ఒడియాలో ‘ఠ’ అచ్చంగా మన సున్నాలా ఉంటుంది. వాడు ‘అందం’ అన్న మాటమీద వేలు పెట్టి ‘అఠదఠ’ అని చదివాడు! పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో ఒకే కథను రెండు భాషల్లో పక్కపక్కన పెట్టి చూపించాక ఆ తికమక నెమ్మదిగా పోయింది. పేజీకి రెండు మూడు వాక్యాలే ఉన్న కథలు ఆ వయసుకు చాలు.

కొనేవాళ్లకు ఒక్క మాట: మధ్యలో పిన్నులు కొట్టిన పలచటి పుస్తకాలు రెండు వానాకాలాలకే తుప్పు మరకలు పడతాయి. నేను కొనగానే పిన్నులు తీసి దారంతో కుడతాను.

రైలుబడి అట్ట పూర్తిగా ఊడిపోయింది. కొత్త ప్రతి తెప్పించాను. బాబు మాత్రం అక్క చదివిన పాతదే కావాలంటున్నాడు.