ఆరేళ్ళ హెచ్‌ఎస్‌ఏ: ఏం కొన్నాం, ఎక్కడ ఆగాం

మా ఆవిడకు విటమిన్ డి బాగా తక్కువగా ఉందని 2021లో రక్తపరీక్షలో తేలింది. డాక్టర్ రాసిచ్చిన ఆ మాత్రల ఖర్చు అప్పటి నుంచి మా హెచ్‌ఎస్‌ఏలోంచే, అంటే అమెరికాలో వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతాలోంచే పోతోంది. అదే షాపులో అదే సీసా నేను ఊరికే బలానికని కొనుక్కుంటే మాత్రం చెల్లదు. ఈ ఖాతా గురించి ఎవరడిగినా ముందు ఈ సీసా సంగతే చెబుతాను. వస్తువు ఒకటే అయినా, ఉన్న జబ్బుకు వైద్యంగా వాడుతున్నామా, ఒంటికి మంచిదని వాడుతున్నామా అన్నదే లెక్క.

మేముండేది న్యూజెర్సీలో. 2019 జనవరిలో ఆఫీసులో ఎక్కువ డిడక్టిబుల్ ఉన్న ఆరోగ్య బీమా ప్లాన్‌కి మారి ఈ ఖాతా తెరిచాను. ఈ ప్లాన్లో ఏడాదికి మొదటి 4,000 డాలర్లు మా జేబులోంచే పోతాయి, నివారణ పరీక్షలకు తప్ప. బదులుగా జీతంలోంచి కోసి ఖాతాలో వేసే డబ్బు మీద ఫెడరల్ పన్ను 22 శాతం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం మిగులుతాయి. అంటే 100 డాలర్ల కళ్ళజోడు నాకు సుమారు 70కి పడుతుంది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా మాత్రం రాష్ట్ర పన్నులో ఈ మినహాయింపు ఇవ్వవు, ఖాతాలో వచ్చిన వడ్డీ మీద కూడా పన్ను వేస్తాయి. 2025లో ఒంటరివాళ్ళకు 4,300, కుటుంబానికి 8,550 డాలర్ల దాకా వేసుకునే వీలుండేది.

అంతకు ముందు ఎఫ్‌ఎస్‌ఏ ఉండేది, అదీ ఆఫీసు ద్వారా వైద్య ఖర్చులకు పన్ను లేకుండా డబ్బు పెట్టుకునే ఖాతాయే. 2018 డిసెంబరులో అందులో 212 డాలర్లు మిగిలిపోయాయి. మా కంపెనీ మిగిలినదాన్ని మరుసటి ఏడాదికి మోసుకెళ్ళనిచ్చేది కాదు, వాడకపోతే పోయినట్టే. ఆ వారంలో రెండో కళ్ళజోడు, ఇంట్లో ఉన్నవి చాలక ఇంకా బ్యాండేజీలు కొన్నాం. హెచ్‌ఎస్‌ఏలో ఆ పరుగు లేదు. ఉద్యోగం మారినా డబ్బు మనదే, ఏళ్ళ తరబడి ఉంటుంది. నాకు ఇది నచ్చడానికి పెద్ద కారణం ఇదే.

బీపీ మిషన్, థర్మామీటర్, కాంటాక్ట్ లెన్సుల ద్రావణం, ఎస్పీఎఫ్ 15, ఆపైన ఉన్న సన్‌స్క్రీన్ అన్నీ ఇందులోంచే కొంటాం. 2020లో కరోనా సమయంలో చేసిన చట్టంతో జ్వరం, ఎలర్జీ మాత్రలకు చీటీ అక్కర్లేకుండా పోయింది, శానిటరీ ప్యాడ్లూ చేరాయి. టూత్‌పేస్టు, జిమ్ ఫీజు, ప్రోటీన్ పొడి, మాయిశ్చరైజర్ కుదరవు. మందుల షాపులో ఎఫ్‌ఎస్‌ఏ కార్డు గీస్తే బిల్లు దగ్గరే చెల్లనివి పక్కకు పోయేవి. ఇప్పుడు నా దగ్గరున్న హెచ్‌ఎస్‌ఏ కార్డు అలా ఆపిన రోజు లేదు. పొరపాటు చేస్తే ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) జవాబు చెప్పుకోవలసింది మనమే.

వెల్‌నెస్ సరుకుల ప్రకటనలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. 2023లో ఒక సైటులో మసాజ్ గన్ కొన్నాను. హెచ్‌ఎస్‌ఏతో 30 శాతం ఆదా అని రాసి ఉంది. నాలుగు ప్రశ్నలడిగారు. అప్పుడప్పుడు నడుము పట్టేస్తుందని రాశాను. పది నిమిషాల్లో, నన్ను ఎన్నడూ చూడని ఒకరి సంతకంతో, నాకు దీర్ఘకాలిక నడుంనొప్పి ఉందని, ఈ పరికరం వైద్యపరంగా అవసరమని ఉత్తరం వచ్చింది. చదివి మనసొప్పక మామూలు కార్డుతోనే కట్టాను. 2024 మార్చిలో ఐఆర్‌ఎస్ ఇలాంటి వాటి గురించే హెచ్చరిక చేసింది. మనం చెప్పుకున్న వివరాలను బట్టి రాసిచ్చే చీటీతో సాధారణ ఆహారం, ఆరోగ్య ఖర్చులు వైద్య ఖర్చులైపోవని స్పష్టంగా చెప్పింది. నిజంగా రోగం ఉండి, మనల్ని చూసే డాక్టర్ రాసిన ఉత్తరమైతే భయపడాల్సిన పని లేదు. అదే నడుముకు తర్వాత ఫిజియోథెరపీకి వెళ్ళాను. ఆ ఫీజంతా హెచ్‌ఎస్‌ఏలోంచే కట్టాను, గుణం కూడా దానితోనే కనిపించింది.

నేను చేసిన తప్పు ఒకటుంది. 2022 వేసవిలో అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. ఆమె మోకాళ్ళకు 48 డాలర్ల పట్టీలు ఈ కార్డుతో కొన్నాను. పట్టీలు చెల్లుతాయి, కానీ పన్ను లెక్కల్లో అమ్మ నా మీద ఆధారపడిన మనిషి కాదు. పన్ను లెక్కలతో పాటు ఇచ్చే హెచ్‌ఎస్‌ఏ ఫారం 8889 నింపుతూ ఉండగా తెలిసింది. ఆ 48 మీద ఆదాయపు పన్ను, పైన 20 శాతం జరిమానా కట్టాను. డబ్బు కొంచెమే. అమ్మకు కొన్నది లెక్కకు రాదని చదువుతుంటే మాత్రం బాధేసింది. తల్లిదండ్రులు ఇక్కడికి వచ్చిపోతూ ఉండే మనవాళ్ళందరికీ ఇది ముందే తెలియాలి.

మన దేశంలో మనం చేయించుకున్న వైద్యం మాత్రం చెల్లుతుంది. అదే ఏడాది డిసెంబరులో గుంటూరు అరండల్‌పేటలో నాకు రూట్ కెనాల్ చేశారు. 12,000 రూపాయలు, అప్పటి మారకంలో సుమారు 145 డాలర్లు. డాక్టర్ గారు తెల్ల కాగితం మీద మొత్తం మాత్రం రాసిచ్చారు. నేను పట్టుబట్టి పేరు, తేదీ, ఏ పంటికి ఏం చేశారో రాసిన బిల్లు తీసుకున్నాను. ఖాతా తెరిచాక అయిన ఖర్చు కాబట్టి జేబులోంచి కట్టిన ఆ డబ్బు హెచ్‌ఎస్‌ఏలోంచి ఎప్పుడైనా తీసుకోవచ్చు, గడువు లేదు. రసీదుల మీద అచ్చు చెరిగిపోతుందని అన్నీ స్కాన్ చేసి ఫోల్డర్లో పెడతాను. ఆ 145 ఇంకా తియ్యలేదు. ఖాతాలోనే ఇండెక్స్ ఫండ్‌లో పెరుగుతోంది.