అపోజిటివా, ‘హూ ఈజ్’ క్లాజా: ఇంగ్లీషు రాతలో ఏది మేలు?

ఒక నామవాచకం పక్కనే ఆ వ్యక్తిని లేదా వస్తువునే మరో విధంగా చెప్పే నామపదబంధాన్ని ఇంగ్లీషు వ్యాకరణం అపోజిటివ్ అంటుంది. అదే సమాచారాన్ని ‘హూ ఈజ్’, ‘విచ్ ఈజ్’ అని మొదలయ్యే రిలేటివ్ క్లాజుతోనూ చెప్పవచ్చు. అమీర్‌పేటలో పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థికి రెండోది భద్రంగా తోచవచ్చు గాని, చాలా సందర్భాలలో మొదటిదే మేలు.

‘చార్మినార్, విచ్ ఈజ్ ఎ మాన్యుమెంట్ బిల్ట్ ఇన్ 1591, స్టాండ్స్ ఇన్ ది ఓల్డ్ సిటీ’ అన్న వాక్యంలో ‘విచ్ ఈజ్’ తీసేసి చదివితే అర్థానికి ఏ లోటూ రాదు, పైగా వాక్యం బిగువెక్కుతుంది.

అయితే అపోజిటివ్‌లో క్రియ ఉండదు కనుక అది కాలాన్ని సొంతంగా సూచించలేదు. ‘మై అంకుల్, ఎ ప్రిన్సిపాల్ ఇన్ సికింద్రాబాద్, టాట్ అస్ ఇంగ్లీష్’ అంటే ఆయన ఇప్పటికీ ప్రిన్సిపాలేనా, పాఠం చెప్పిన రోజుల్లో మాత్రమేనా అన్నది తేలదు. అక్కడ ‘హూ వాజ్ దెన్ ఎ ప్రిన్సిపాల్’ అనడమే సరి. జాబితాలలోనూ ఇదే చిక్కు. ‘మై బ్రదర్, ఎ డాక్టర్, అండ్ ఎ లాయర్ కేమ్’ అంటే వచ్చినవారు ఇద్దరా, ముగ్గురా?

క్లాజును కాదని అపోజిటివ్‌ను ఎంచుకున్నాక అసలు కష్టం కామాలతో వస్తుంది. ‘ది సెవెంత్ నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఫౌండెడ్ ఉస్మానియా యూనివర్సిటీ ఇన్ 1918’ అన్నప్పుడు ఏడవ నిజాం ఒక్కరే కనుక, పేరు తీసేసినా ఎవరో తెలుస్తుంది. కాబట్టి పేరుకు అటూ ఇటూ కామాలు తప్పనిసరి. ‘ది పొయెట్ మఖ్దూమ్ మొహియుద్దీన్ లివ్డ్ ఇన్ హైదరాబాద్’ అన్నప్పుడు మాత్రం, కవులకు కొదవలేని ఈ నగరంలో ఏ కవి అన్నది పేరే తేల్చాలి గనుక కామా పెట్టకూడదు. అదే పేరు ముందుకు, వర్ణన వెనుకకు జరిగితే, ‘మఖ్దూమ్ మొహియుద్దీన్, ఎన్ ఉర్దూ పొయెట్, లివ్డ్ ఇన్ హైదరాబాద్’ అని మళ్లీ రెండు కామాలు కావాలి. ‘మై బ్రదర్ రవి’ విషయంలో, ఉన్నది ఒక్క సోదరుడే అయితే కామాలుండాలని కచ్చితమైన నియమం చెబుతుంది. ఇంత చిన్న పేరుకు అంత పట్టింపు అక్కర్లేదని నా అభిప్రాయం.

తెలుగులో ‘ఉర్దూ కవి మఖ్దూమ్’ అని వర్ణనను ముందుంచి ఆగకుండా సాగిపోతాం. ఆ అలవాటుతో ఇంగ్లీషులో మొదటి కామా పెట్టినా రెండోదాన్ని మరచిపోవడం సులభం. ‘మఖ్దూమ్ మొహియుద్దీన్, ఎన్ ఉర్దూ పొయెట్ లివ్డ్’ అని ఒక్క కామాతో వదిలేస్తే కర్తకూ క్రియకూ మధ్య అనవసరమైన అడ్డు పడుతుంది. వాక్యం చివర వచ్చే అపోజిటివ్‌కు మాత్రం ఒక్క కామా చాలు, రెండోదాని పనిని ఫుల్‌స్టాపే చేస్తుంది.

అపోజిటివ్ లోపలే కామాలుంటే డాష్‌లు మేలు: ‘త్రీ మాన్యుమెంట్స్ — చార్మినార్, మక్కా మసీద్ అండ్ గోల్కొండ ఫోర్ట్ — డ్రా టూరిస్ట్స్ ఆల్ ఇయర్.’ ఇక్కడ డాష్‌ల స్థానంలో కామాలే వాడితే మొత్తం నాలుగు పేర్ల జాబితా అని చదివేవారు పొరబడతారు.