ఆర్‌ఎక్స్-7 ఇంటర్‌కూలర్ జరిపిస్తున్నారా? డబ్బులు కట్టేముందు నా బండి సంగతి వినండి

ఎఫ్‌డీ ఆర్‌ఎక్స్-7 (మాజ్దా వాళ్ల రోటరీ ఇంజిన్ స్పోర్ట్స్ కారు, మూడో తరం) ఉన్నవాళ్లూ, కొందామని చూస్తున్నవాళ్లూ కాస్త ఓపిగ్గా చదవండి. మొన్న జూన్‌లో డాలస్ దగ్గర ఒక షాపులో నా 1993 బండికి వీ-మౌంట్ చేయించా, అంటే టర్బో వేడిగాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌ని చోటు మార్చి రేడియేటర్‌తో కలిపి వీ ఆకారంలో పెట్టించా. కిట్టుకీ కూలీకీ కలిపి 4,600 డాలర్లు. పదకొండో రోజుకి ఇంజిన్ పోయింది. షాపుతో ఇంకా ఈమెయిళ్లు నడుస్తున్నాయి కాబట్టి పేరు రాయను. రాసినా మీకు పెద్దగా ఒరిగేదేం లేదు. ఆ తర్వాత వేరే చోట్ల చేయించిన రెండు బండ్లు చూశా, వాటిలోనూ ఇదే తప్పు.

అసలు ఎందుకు జరిపించావయ్యా అని అడుగుతారేమో. కంపెనీ ఇచ్చిన ఇంటర్‌కూలర్ ఈ బండిలో ముందు ఎడమ పక్కన, బ్యాటరీకి ముందు చిన్న పెట్టెలా ఇరుక్కుని ఉంటుంది. దానికి గాలి ఒక ప్లాస్టిక్ డక్టులోంచి (గాలిని మళ్లించే గొట్టంలోంచి) రావాలి. టెక్సస్ ఎండలో రెండు సిగ్నళ్లు దాటేసరికి అది కాలిన పెనంలా అయిపోతుంది. రెండు టర్బోల్లోంచి వచ్చిన వేడిగాలి చల్లారకుండానే ఇంజిన్లోకి పోతే నాకింగ్ వస్తుంది, అంటే పెట్రోలు సమయం కాని సమయంలో పేలి ఇంజిన్‌ని కొడుతుంది. పిస్టన్ ఇంజిన్ అయితే ఒకటి రెండు నాక్‌లు ఓర్చుకుంటుందేమో, రోటరీలో (పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగే ఇంజిన్, ఈ బండిలో రెండున్నాయి) మాత్రం ఒక్క గట్టి నాక్‌కే రోటర్ మూలన ఉండే ఎపెక్స్ సీల్ విరగొచ్చు. అందుకని మార్చాలనుకోవడం తప్పని ఇప్పటికీ అనుకోవట్లేదు. (1991లో లెమాన్స్ గెలిచిన 787బీని చూసి రోటరీ మీద మోజు పడ్డవాణ్ణి నేను. దానికి టర్బో లేదు, ఇంటర్‌కూలరూ లేదు. నా మోజుకి అక్కడితో ఆగాలని తెలియలేదు.)

దారులు మూడు. ఉన్నచోటే పెద్దది పెట్టడం ఒకటి. రేడియేటర్‌కి ముందు నిలబెట్టడం రెండోది, దాన్నే ఫ్రంట్‌మౌంట్ అంటారు. మూడోది వీ-మౌంట్. ఇంటర్‌కూలర్‌ని పైన వాలుగా, రేడియేటర్‌ని కింద వాలుగా పెడతారు. పక్కనుంచి చూస్తే పడుకోబెట్టిన వీ అక్షరం బండి ముక్కువైపు నోరు తెరుచుకున్నట్టు ఉంటుంది. లోపలికొచ్చిన గాలిలో కొంత పైకెక్కి ఇంటర్‌కూలర్‌లోంచి, మిగతాది కిందికి దిగి రేడియేటర్‌లోంచి పోవాలి. ఫ్రంట్‌మౌంట్‌లోలాగా ఒకదాని వెనక ఒకటి ఉండవు కాబట్టి రేడియేటర్‌కి ఎంగిలిగాలి రాదు. కాగితం మీద ఇంతకంటే అందమైన ఏర్పాటు లేదు.

"మరి రేడియేటర్ సంగతేంటి?" అని షాపాయన్ని ముందే అడిగా. "అదే రేడియేటర్ ఉంటుంది, కాస్త వంచుతాం, అంతే" అన్నాడు. నేను తల ఊపా. ఆ మాట దగ్గరే నేను మోసపోయా. ఇంటర్‌కూలర్ జరుపుతున్నామని మనం అనుకుంటాం గానీ, వీ-మౌంట్‌లో అసలు చోటు మారేది రేడియేటర్. ఇంటర్‌కూలర్ సరిగ్గా కుదరకపోతే బండి మందగిస్తుంది, ఎండలో నాకింగ్ ముప్పూ ఉంటుంది. రేడియేటర్ కుదరకపోతే మామూలుగా నడిపినా ఇంజినే పోతుంది.

రోటరీకి వేడంటే ఎందుకంత పడదో ఒక ముక్క చెప్తా. పిస్టన్ ఇంజిన్లో గాలి పీల్చేదీ మండేదీ ఒకే సిలిండర్‌లో కాబట్టి లోపలికొచ్చే చల్లగాలి వల్ల ఆ చోటు కాస్త చల్లారుతుంది. రోటరీలో హౌసింగ్‌కి (రోటర్ తిరిగే డొల్లకి) ఒక పక్క ఎప్పుడూ పీల్చడమే, ఇంకో పక్క ఎప్పుడూ మండడమే. ఒకవైపు కాలుతుంటే రెండోవైపు చల్లగా ఉంటుంది. పైగా హౌసింగ్ అల్యూమినియం, దానికి రెండు పక్కలా ఉండే ప్లేట్లు పోత ఇనుము. వేడికి రెండూ ఒకేలా సాగవు. ఆ రెంటి మధ్యా నీళ్లు లోపలికి పోకుండా ఆపేవి సన్నటి కూలెంట్ సీళ్లు. ఒక్కసారి బాగా ఓవర్‌హీట్ అయితే చాలు, అవి పోయినట్టే. మార్చాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి.

బండి తెచ్చుకున్న రెండో రోజే ఒక పైపు ఊడింది. జారిపోకుండా పట్టుకునే ఉబ్బు పైపు చివర లేదు, నున్నగా కోసి క్లాంప్ బిగించేశారు. బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) వచ్చినప్పుడు టప్పుమంది. పోయి బిగించుకొచ్చుకున్నా. అప్పుడే అనుమానం రావాల్సింది.

పదో రోజు శనివారం. యూఎస్-75 మీద షెర్మన్ వైపు బయల్దేరా. బయట 37 డిగ్రీలు, ఏసీ లేదు. కండెన్సర్ కొత్త అమరికలో పట్టలేదని షాపువాళ్లు పీకేశారు, ఆ సంగతి బిల్లు ఇచ్చేటప్పుడు గానీ చెప్పలేదు. ఉక్కపోతని మించిన నష్టం అందులో ఒకటుంది. ఎఫ్‌డీలో ఫ్యాన్లు మామూలుగా 105 డిగ్రీల దగ్గర గానీ తిరగవు. అందుకే ఎండలో చాలామంది ఏసీ వేస్తారు, వేస్తే ఫ్యాన్లు ముందే తిరుగుతాయి కాబట్టి. నాకు ఆ కిటుకూ లేకుండా పోయింది.

డెబ్బై మైళ్ల వేగంలో అరగంట నడిపా. టెంపరేచర్ సూది నడిమికి కాస్త కింద, రోజూ ఉండేచోటే ఉంది. ఈ బండి సూదిని ఎవరూ నమ్మకండి. బండి వేడెక్కాక చాలా డిగ్రీల మేర అది ఒకేచోట నిలబడేలా తయారుచేశారు. అది పైకి లేచేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. ఇంజిన్ అంకెల్ని ఫోన్‌కి పంపే డాంగుల్ తగిలించి చూసుకుందామంటే ఇది 1996కి ముందు బండి, ఆ సదుపాయం లేదు. చిన్నప్పుడు శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మా నాన్న అంబాసిడర్ కారు నడిపే డ్రైవర్ సూది చూసేవాడే కాదు, వాసన చూసేవాడు. "రేడియేటర్ తియ్యవాసన కొడుతోంది సార్" అని పక్కకి ఆపేవాడు. ఆ శనివారం నాకూ అదే వాసన వచ్చింది. ముందు వెళ్తున్న ట్రక్కుదనుకున్నా. ఇంకో రెండు మైళ్లకి కూలెంట్ తగ్గిందని బజర్ మొదలైంది, షోల్డర్ మీద ఆపేశా.

చల్లారాక నీళ్లు పోసుకుని మెల్లగా ఇంటికి తెచ్చా. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ, గ్యారేజీ నిండా. కూలెంట్ పోసే మూత తీసి చూస్తే లోపల బుడగలు. ఇంజిన్ వేగం పెంచితే బుడగలూ పెరుగుతున్నాయి. మండిన గ్యాసు నీళ్లలోకి వస్తోందన్నమాట.

ఎలా జరిగిందో తేల్చుకుందామని బంపర్ విప్పించా. డక్టుకీ రేడియేటర్‌కీ మధ్య కుడిపక్క నాలుగు వేళ్లు దూరేంత సందు. కింద బొటనవేలు పట్టేంత. సందుల్ని మూయాల్సిన ఫోమ్ ఎక్కడుందో తెలుసా? పైన మాత్రమే, హుడ్ ఎత్తితే మనకి కనిపించే అంచు మీద. అక్కడ మాత్రం కొలిచి కోసినట్టు చక్కగా అంటించారు. బంపర్ తీస్తే గానీ కనిపించని మూడు పక్కలా ఏమీ లేదు.

ఇంట్లో అగరుబత్తీ వెలిగించి తెచ్చా (పెట్రోలు వాసన ఏమీ లేదని చూసుకున్నాకే, మీరూ చూసుకోండి). ఇంజిన్ ఆపేసి, ఫ్యాన్లకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చా. అగరుబత్తీని రేడియేటర్‌కి వెనకాల, కుడి అంచు దగ్గర పట్టుకుంటే పొగ వెనక్కి పోలేదు. సందులోంచి ముందుకొచ్చి, మలుపు తిరిగి, మళ్లీ రేడియేటర్‌లోకే దూరింది. అంటే ఫ్యాన్లు తిరిగినంతసేపూ వాడేసిన వేడిగాలినే మళ్లీ మళ్లీ పీలుస్తున్నాయి. హైవే మీద ఇంకో రకం. ముందునుంచి వచ్చిన గాలికి రేడియేటర్ రెక్కల్లోంచి దూరడం కంటే పక్క సందులోంచి జారిపోవడం తేలిక, అందుకని అలాగే పోతుంది. ఇది చాలదన్నట్టు కింద ఉండే అండర్‌ట్రే తీసేసి మళ్లీ పెట్టలేదు. ఎఫ్‌డీలో ఆ ప్లాస్టిక్ పలక రాళ్లు తగలకుండా మాత్రమే కాదు, రేడియేటర్ వెనక గాలిని బయటికి లాగేది కూడా అదే. ట్రాఫిక్‌లో వేడెక్కితే ఫ్యాన్లని అనుమానించాలి, హైవే మీద వేడెక్కితే డక్టునీ ట్రేనీ అనుమానించాలి. నాకు రెండుచోట్లా తేడానే.

షాపుకి ఫోన్ చేస్తే మొదటి మాట "రోటరీ అంటే అంతేనండీ, ఎప్పుడో ఒకప్పుడు పోతుంది." రెండోది ఇంకా తెలివైనది. వాళ్లకి పని ఇచ్చే వారం ముందే నేను కంప్రెషన్ టెస్ట్ (ఇంజిన్ లోపలి గాలిని ఎంత గట్టిగా నొక్కగలదో చూసే పరీక్ష) చేయించి కాగితం ఉంచుకున్నా. ముందు రోటర్ మూడు ముఖాలకీ 112, 110, 113 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత). వెనకది 109, 111, 108. ఇంజిన్ పోయాక మళ్లీ చేయిస్తే అంకెలు దాదాపు అవే వచ్చాయి. "చూశారా, కంప్రెషన్ బాగానే ఉంది, ఇంజిన్‌కేం కాలేదు" అన్నాడు. ఇక్కడ జాగ్రత్త. కంప్రెషన్ టెస్ట్ చెప్పేది ఎపెక్స్, సైడ్ సీళ్ల సంగతి. కూలెంట్ సీల్ మొదట్లో లీకవుతున్నప్పుడు ఆ అంకెల్లో తెలియకపోవచ్చు. ఇంకో మెకానిక్ కూలెంట్‌కి 13 పీఎస్‌ఐ ఒత్తిడి పెట్టి రాత్రంతా వదిలేశాడు. పొద్దునకి 9కి దిగింది, వెనక రోటర్ ప్లగ్గు విప్పితే దాని మొన తడిగా ఉంది. రీబిల్డ్‌కి (ఇంజిన్ విప్పి మళ్లీ కట్టడానికి) 7,800 డాలర్లు చెప్పాడు.

విప్పుతుంటే ఇంకో రెండు బయటపడ్డాయి. పైపులు పోవడానికి బంపర్ వెనక ఉండే క్రాష్ బీమ్‌ని (గుద్దుకుంటే దెబ్బ ఆపే దూలాన్ని) ఒకచోట కోసేశారు. చోటు కోసం బ్యాటరీని సీటు వెనక అరలోకి మార్చి, దాని దగ్గర ఫ్యూజ్ పెట్టకుండా లావు వైరుని ముందుదాకా లాగేశారు. ఆ వైరు ఎక్కడైనా రేకుకి ఒరుసుకుంటే నా వీపు వెనకే మంట.

పని ఇవ్వబోయేవాళ్లకి నేను చెప్పేదొకటే. కిట్ ఏ బ్రాండ్ అని కాదు, డక్టు ఎవరు చేస్తారు, దేంతో చేస్తారు అని అడగండి. కిట్టుతో వచ్చేది సగమే, మీ బండికి తగ్గట్టు రేకు కోసి నాలుగు పక్కలా మూయడమే అసలు పని. దానికి ఎన్ని గంటలు వేశారో కొటేషన్లో చూపించమనండి. నా కొటేషన్లో ఆ వరుసే లేదు. ఇంటర్‌కూలర్‌లోంచి పైకొచ్చిన గాలి ఎటు పోతుందని అడగండి. మామూలు హుడ్ అయితే దానికి సరైన దారి లేదు. ఏసీ ఉంటుందా, ట్రే తిరిగి బిగిస్తారా, బీమ్ కోస్తారా అన్నవి రాతలో తీసుకోండి. బంపర్ పెట్టకముందు ఫోటోలు పంపమనండి. హుడ్ ఎత్తి తీసిన ఫోటోలో అన్ని వీ-మౌంట్లూ పెళ్లికూతుళ్లే. డిజిటల్ టెంపరేచర్ గేజ్ మాత్రం ఈ పనికంటే ముందే పెట్టించుకోండి, ఆ డబ్బు దగ్గర చూసుకోవద్దు.

పాత ఎఫ్‌సీ (అంతకుముందు తరం ఆర్‌ఎక్స్-7) టర్బో వాళ్లకీ ఇది వర్తిస్తుంది. మీ ఇంటర్‌కూలర్ ఇంజిన్ నెత్తిన ఉంటుంది, ముందుకి తెస్తే మీకూ రేడియేటర్‌కి అడ్డమే.

వీ-మౌంట్ ఉన్న బండి కొంటున్నవాళ్లు అమ్మేవాడికి ముందే చెప్పండి, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పొగ మీకు కనిపించకుండా ముందే వదిలించేసి ఉండొచ్చు. కంప్రెషన్ టెస్ట్ రోటరీ టెస్టర్‌తోనే చేయించండి, రోటర్‌కి మూడు చొప్పున ఆరు అంకెలు రావాలి, 100కి కిందున్నదేదీ వద్దు. దాంతోపాటు కూలెంట్ ప్రెషర్ టెస్ట్ కూడా. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి, ఎంత మెరిసినా సరే.

నేను రీబిల్డ్ చేయించి మళ్లీ కంపెనీ అమరికకే వెళ్తున్నా, అదే చోట కాస్త పెద్ద ఇంటర్‌కూలర్‌తో. చిక్కేంటంటే విప్పిన పాత సామాను నాకివ్వమని చెప్పినా, డక్టూ అండర్‌ట్రే షాపువాళ్లు చెత్తలో పడేశారట. ఎడమ స్టీరింగ్ 1993 నుంచి 1995 బండివి ఎవరి దగ్గరైనా పగలకుండా ఉంటే చెప్పండి. డాలస్ చుట్టుపక్కలైతే నేనే వచ్చి తీసుకుంటా.