బాలింత ఇంటికి పాఠం ఎక్కడ చెబితే మేలు: ఆసుపత్రిలోనా, గడపలోనా, మహిళల సమావేశంలోనా?

కాన్పయిన మూడో రోజున డిశ్చార్జి కాగితం చేతిలో పెడుతూ పసిబిడ్డ సంరక్షణ గురించి నర్సు చెప్పే మాటలు బాలింత చెవిన ఎంతవరకు పడతాయి? ఆమెకు నిద్ర లేదు, కుట్లు నొప్పి పెడుతున్నాయి, బయట ఆటో వచ్చి ఆగి ఉంది. తల్లిపాలు, వెచ్చదనం, బొడ్డు శుభ్రత, ప్రమాద సూచనలు అన్నీ పది నిమిషాల్లో ముగుస్తాయి. అయినా మన ఎం.ఎస్సీ. నర్సింగ్ పరిశోధనల్లో చాలావాటి నమూనా ఇదే: ముందొక ప్రశ్నపత్రం, ఆపైన చార్టులతో బోధన, వారం తరువాత మళ్లీ అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి, పెరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. పుట్టిన బిడ్డకు తేనె నాకించకూడదని టిక్కు పెట్టిన తల్లి, ఇంట్లో పెద్దావిడ తేనె సీసా తీసినప్పుడు అడ్డు చెప్పగలదా అన్నది ఆ కాగితానికి అందదు.

ఆసుపత్రి పాఠం దండగ అనను. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను రొమ్ముకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతిని నర్సు పక్కన నిలబడి, తల్లి చేతా తండ్రి చేతా చేయించి నేర్పాలి. దానికి వార్డును మించిన చోటు లేదు. అయితే ఆ అలవాటు ఇంట్లో కొనసాగుతున్నదో లేదో చూసేవారు వేరే ఉండాలి.

ఆ పని గృహ సందర్శనది. 2011లో దేశమంతటా మొదలైన ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమంలో ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లాలి. కాన్పు ఇంట్లోనే అయితే మొదటి రోజు కూడా వెళ్లాలి. దీనికి మూలం మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు చేసిన ప్రయోగం. 1999లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం మూడో ఏటికి నవజాత మరణాల (పుట్టిన 28 రోజుల్లోపు మరణాల) రేటు 62 శాతం తగ్గింది. ఈ అంకెను ఉదహరించేవారు తరచు ఒక సంగతి వదిలేస్తారు: అక్కడి గ్రామ కార్యకర్తలు సలహాలతో ఆగలేదు, ఇన్ఫెక్షన్ సోకిన బిడ్డకు యాంటీబయాటిక్ సూది కూడా వేశారు. కనుక ఆ ఫలితమంతా బోధన ఖాతాలో వేయడం సరికాదు.

శిక్షణ రోజుల్లో ఒక ఆశాతో ఏడో రోజు సందర్శనకు వెళ్లాను. పొద్దున్నే నలుగుపెట్టి నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, బిడ్డను పలుచని పాత చీరముక్కలో చుట్టి పడుకోబెట్టారు. ఆశా ఎవరినీ తప్పు పట్టలేదు. "పెద్దమ్మా, ఒకసారి ఇలా రా" అని అమ్మమ్మ చేయి తీసుకుని ముందు బిడ్డ పొట్ట మీద, తరువాత అరికాలి మీద పెట్టింది. "కాళ్లు చల్లగా ఉన్నాయే" అని ఆవిడే లేచి దుప్పటి తెచ్చింది. ప్రశ్నపత్రం ఇవ్వని అవకాశం అదే: ఇంట్లో నిర్ణయం చేసే మనిషి ఎదురుగానే ఉంటుంది.

మహిళల సమావేశాల బలం వేరు. జార్ఖండ్, ఒడిశా గిరిజన ప్రాంతాల్లో ఏక్‌జుట్ సంస్థ 2005 నుంచి 2008 వరకు నెలకోసారి బొమ్మల కార్డులతో, కథలతో చర్చలు నడిపినప్పుడు మూడేళ్లలో నవజాత మరణాలు 32 శాతం తగ్గాయి. ఊరంతటికీ ఉన్న నమ్మకాన్ని ఊరే కదిలించాలి. బాలింతకు పథ్యం పేరుతో మంచినీళ్లు సైతం తగ్గించే అలవాటును ఒక్క ఇంట్లో చెప్పి మాన్పించడం కష్టం. కానీ గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది హాజరైన చోటనే ఫలితం బలంగా కనిపించిందని ఇలాంటి ప్రయోగాలను కలిపి చూసిన తరువాతి విశ్లేషణ తేల్చింది. కూలి మానుకుని రాలేని ఊళ్లలో ఇది చిన్న షరతు కాదు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు గృహ సందర్శనకే, అదీ పెద్దావిడ పక్కన ఉండగా. మన దగ్గర మరో చిక్కు ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. గర్భం నమోదు చేసిన ఆశా అత్తవారి ఊళ్లో ఉంటుంది, సందర్శించవలసింది పుట్టింటి ఊరి ఆశా. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డ అత్తింటికి చేరేసరికి నేర్చుకున్న అమ్మమ్మ వెనకే ఉండిపోతుంది, నాయనమ్మకు ఎవరూ చెప్పి ఉండరు. ఈ అంశంపై పరిశోధన తలపెట్టే విద్యార్థిని రెండో ఇంటికి కూడా వెళ్లి, అక్కడ బిడ్డకు నీళ్లు పోసేది ఎవరో వారినే అడగాలి.