ఫోర్ట్ క్లాట్‌సాప్‌కి వానలోనే వెళ్ళండి

నవంబర్లో అమెరికా పడమటి తీరాన, ఆరెగాన్‌లో ఉన్న ఆస్టోరియా వెళ్తున్నామంటే మా ఆఫీసులో ఒకరిద్దరు నవ్వారు, వానలో ఏం చూస్తారని. అక్కడ చూడాల్సింది ఆ వాననే అని వెళ్ళొచ్చాక అర్థమైంది. పసిఫిక్ దాకా దారి వెతకమని అమెరికా ప్రభుత్వం పంపితే 1804 మేలో మిసిసిపీ ఒడ్డున బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం ఖండం దాటి పసిఫిక్ చేరాక చలికాలం గడిపింది ఈ ఊరి పక్కనున్న ఫోర్ట్ క్లాట్‌సాప్ కోటలోనే. 1805 డిసెంబర్ 7 నుంచి 1806 మార్చి 23 దాకా ఉంటే, వాన పడని రోజులు పట్టుమని 12.

మేం నలుగురం, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిపి. పోర్ట్‌లాండ్ దగ్గర్నుంచి కారులో రెండు గంటలు.

ముందు బస సంగతి. ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కులో యర్ట్‌లు ఉన్నాయి, గుండ్రటి గుడారాల్లాంటివి, లోపల మంచాలు, కరెంటు, హీటరు ఉంటాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి భలే ఉంటుంది కానీ దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి, బాత్‌రూమ్ బయట. నాన్న రాత్రి రెండుసార్లు లేస్తారు, ఆ వానలో గొడుగేసుకుని నడిపించడం నావల్ల కాదని ఊళ్ళో ఒక మోటెల్ తీసుకున్నాం. పేరెందుకు లెండి, కొలంబియా నది కనిపించే గది అన్నారు, బాత్‌రూమ్ కిటికీలోంచి మెడ సాచితే కనిపించింది. హీటరు మాత్రం బాగా పనిచేసింది. తిండికి పులిహోర, పెరుగన్నం కూలర్‌లో పెట్టుకెళ్ళాం. చేపలు తినేవాళ్ళకి ఆస్టోరియాలో లోటు లేదు, మాకే కాస్త కష్టం.

ఇక కోట. కోట అంటే గోల్కొండ లాంటిది ఊహించుకుని వచ్చిన అమ్మ, "ఇదేనా?" అంది. ఒక్కో వైపు 50 అడుగులు, రెండు వరసల్లో ఏడు గదులు, మధ్యలో చిన్న వాకిలి, అంతే. ఇది అసలుది కూడా కాదు. క్లార్క్ తన నోట్‌బుక్ అట్ట మీద గీసుకున్న నక్షా చూసి 1955లో కట్టారు, అది 2005లో కాలిపోతే మళ్ళీ కట్టారు. ఇందులో 30 మందికి పైగా ఉన్నారంటే లోపలికి వెళ్ళి నిలబడితే గానీ నమ్మబుద్ధి కాదు. ఆ బృందానికి దుబాసీగా వెంట వచ్చిన స్థానిక తెగ అమ్మాయి సకాజవియా, ఆవిడ కుటుంబం ఉన్న గదిలో అమ్మ చాలాసేపు ఉండిపోయింది. చెక్క మంచం, పొగ వాసన, చెయ్యి పెడితే చెమ్మగా తగిలే దుంగలు. ఆవిడ చంటివాడు పుట్టింది 1805 ఫిబ్రవరిలో, అంటే ఇక్కడికి వచ్చేసరికి పది నెలలు. "పాకే పిల్లాణ్ణి ఈ చెమ్మలో ఎక్కడ దింపిందో" అని అమ్మ ఒకటే అనుకోవడం. బీచిలో తిమింగలం పడిందని తెలిసి క్లార్క్ బయల్దేరితే, ఇంత దూరం నడిచొచ్చి సముద్రం కూడా చూడనివ్వరా అని పట్టుబట్టి మరీ వెళ్ళింది సకాజవియా. ఈ ముక్క చెప్తే అమ్మకి భలే నచ్చింది.

ఆ సాయంత్రం మా బూట్లు హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టుకున్నాం. లూయిస్, క్లార్క్ వాళ్ళు ఆ చలికాలంలో ఎల్క్ అనే పెద్ద దుప్పి తోలుతో 300 జతలకు పైగా చెప్పులు కుట్టుకున్నారట, తిరుగు ప్రయాణానికి. వేసవిలో వెళ్తే పాతకాలం దుస్తుల్లో తుపాకీ పేల్చి చూపిస్తారు, మాకు ఆ హడావిడి లేదు, కోటంతా మేమే.

రెండో రోజు కొలంబియా మీది వంతెన దాటి వాషింగ్టన్ రాష్ట్రం వైపు. నాలుగు మైళ్ళ వంతెన, గాలికి స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి. దిగాక రోడ్డు పక్కనే స్టేషన్ క్యాంప్. చలికాలం ఎక్కడ గడపాలో 1805 నవంబర్ 24న బృందంలో అందరినీ అడిగిన చోటు ఇది. క్లార్క్ బానిస యార్క్ మాటా రాసుకున్నారు, సకాజవియా మాటా రాసుకున్నారు. తిరిగి వెళ్ళాక అదే యార్క్ స్వేచ్ఛ అడిగితే క్లార్క్ ఏళ్ళ తరబడి ఇవ్వలేదు. బోర్డు ముందు నిలబడితే ఈ రెండూ ఒకేసారి గుర్తొస్తాయి. ఇంకా ముందుకెళ్తే కేప్ డిసప్పాయింట్‌మెంట్, కొండ అంచున మ్యూజియం, కింద నది సముద్రంలో కలిసే చోటు. మీ దగ్గర నేషనల్ పార్కుల పాస్ ఉన్నా ఇక్కడ చెల్లదు, ఇది వాషింగ్టన్ స్టేట్ పార్కు, వేరే పాస్ కొనాలి. మంచు కమ్మేసి మాకైతే ఏమీ కనపడలేదు, అలల మోత మాత్రం విన్నాం.

మూడో రోజు సీసైడ్ అనే ఊళ్ళో ఆ బృందం ఉప్పు వండిన చోటు. నిజం చెప్పాలంటే దీనికోసమే వెళ్ళాల్సిన అవసరం లేదు. ఇళ్ళ మధ్య చిన్న సందులో కంచె, లోపల రాళ్ళ పొయ్యి, పార్కింగ్ దొరకడమే గగనం. ఐదు గుండిగల్లో రాత్రీ పగలూ సముద్రపు నీళ్ళు కాచితే రోజుకు మూడు నాలుగు లీటర్ల ఉప్పు వచ్చేది. క్లార్క్‌కి ఉప్పున్నా లేకపోయినా ఒకటేనట, లూయిస్‌కి లేకపోతే ముద్ద దిగదు.

మా నాన్నది చినగంజాం. ఉప్పు కొఠార్ల మధ్య పెరిగిన మనిషి, కంచె పట్టుకుని పది నిమిషాలు కదల్లేదు. "మనకి ఎండ ఊరికే పండించి పెడుతుంది, వీళ్ళు పాపం తడి కట్టెలతో వండుకున్నార్రా" అన్నారు. తర్వాత వంగి, పొయ్యిలోకి గాలి ఏ వైపు నుంచి వెళ్తుందో చూడటం మొదలుపెట్టారు. వాన పెద్దదైంది, అమ్మ కారులోంచి హారన్ కొడుతోంది.