బ్యాండ్‌క్యాంప్: కొన్నవాళ్ల ఫొటోలు నొక్కుకుంటూ పోతే

కొత్త సంగీతం వెతుక్కుని డౌన్‌లోడ్ చేసుకోవడానికి నేను చాలా ఏళ్లుగా వాడుతున్నది బ్యాండ్‌క్యాంప్, కళాకారులూ లేబుళ్లూ (పాటలు విడుదల చేసే సంస్థలు) తమ పాటలు నేరుగా అమ్ముకునే సైట్. ఎలా కొనాలి, ఏ ఫార్మాట్లు ఇస్తారు అన్నవి అందరికీ తెలిసినవే. నాకు ప్రాణమైనది అందులో ఒక్కటే. ఏ ఆల్బమ్ పేజీ తెరిచినా, దాన్ని కొన్నవాళ్ల ఫొటోలు చిన్నచిన్నవి వరసగా కనిపిస్తాయి. ఒకటి నొక్కితే ఆ మనిషి కొనుక్కున్న మిగతా ఆల్బమ్‌లు మన ముందుంటాయి. సొంత డబ్బు పెట్టి కొన్నారంటేనే నాకు సగం నమ్మకం.

ఒక రాత్రి హైలు మెర్గియా వింటున్నాను. ఇథియోపియా కీబోర్డు కళాకారుడు. అకార్డియన్, సింథసైజర్‌లతో తనొక్కడే 1985లో అమెరికాలో చేసిన క్యాసెట్ అది. తర్వాత వాషింగ్టన్‌లో టాక్సీ నడుపుకుంటూ ఉండిపోయాడు. 2013లో 'ఆసమ్ టేప్స్ ఫ్రమ్ ఆఫ్రికా' అనే లేబుల్ దాన్ని మళ్లీ విడుదల చేసింది. ఆ పేజీలో ఎవరిదో ఫొటో నొక్కాను. వాళ్ల దగ్గర 'సాహెల్ సౌండ్స్' అనే లేబుల్ ఆల్బమ్ కనిపించింది. సహారా ప్రాంతంలో జనం సెల్‌ఫోన్లలో ఉన్న పాటలు ఏరి చేసిన సంకలనం.

అక్కడ పాటలు ఇంటర్నెట్‌తో పని లేకుండా బ్లూటూత్‌లో, మెమరీ కార్డుల్లో చేతులు మారేవట. అది చదువుతుంటే ఒళ్లు ఝల్లుమంది. మేమూ సెల్ షాపుకి వెళ్లి, పదో ఇరవయ్యో ఇచ్చి కార్డులో పాటలు ఎక్కించుకున్నవాళ్లమే. ఫైలు మీద పాడినవాళ్ల పేరు ఉండేది కాదు. అక్కడి ఫైళ్ల సంగతీ అంతే. లేబుల్ నడిపే ఆయన తర్వాత ఆ గాయకులెవరో వెతుక్కుంటూ వెళ్లాడు. అలా బయటికొచ్చినవాళ్లలో నైజర్ దేశపు ఎమ్డూ మొక్తార్ ఒకడు. సైకిల్ బ్రేకు తీగలతో మొదటి గిటార్ తయారుచేసుకున్న మనిషి. ఆటోట్యూన్‌లో (గొంతు శ్రుతిని మార్చే సాఫ్ట్‌వేర్) వణికే గొంతు, డ్రమ్ మెషీన్, దాని మీద ఎడారి గిటారు! అతని పాట ఒకటి అలా తెల్లవార్లూ విన్నాను. ఏ యాప్ సలహా మీదా నేను అక్కడికి చేరేవాణ్ని కాదు.

అయితే ఆ ఫొటోల దారి అన్నివేళలా అంత దూరం తీసుకెళ్లదు. కొన్నాళ్లకి ఎవరిది నొక్కినా అవే లేబుళ్లు, అవే అట్టలు ఎదురవుతున్నాయి. అందుకే ఇప్పుడు కొన్నవాళ్లు పట్టుమని పదిమంది కూడా లేని ఆల్బమ్‌ల నుంచి మొదలుపెడుతున్నాను. తెలుగు విషయానికొస్తే నాకు దొరికింది చాలా తక్కువ. ఒగ్గు కథ, జముకుల కథ, కిన్నెర పాట కావాలంటే ఇప్పటికీ యూట్యూబే నాకు దిక్కు.

ధరలు డాలర్లలోనో యూరోల్లోనో ఉంటాయి, పైన బ్యాంకు చార్జీ. 'మీకు తోచినంత ఇవ్వండి' అనే ఆల్బమ్‌లూ ఉన్నాయి, వాటిలో కొన్ని సున్నా పెట్టినా వస్తాయి. నేనైతే ఎంతో కొంత ఇస్తాను. మామూలుగా డిజిటల్ అమ్మకాల్లో సైట్ 15 శాతం దాకా తీసుకుంటుంది. 2020లో మొదలైన 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే' రోజుల్లో ఆ వాటా వదులుకుంటుంది. కొనాల్సినవి విష్‌లిస్టులో పెట్టి ఆ శుక్రవారం దాకా ఆగుతాను.

బ్యాండ్‌క్యాంప్ 2022లో వీడియో గేముల కంపెనీ ఎపిక్ గేమ్స్ చేతికి, మరుసటి ఏడాదే సంగీతం లైసెన్సింగ్ చేసే సాంగ్‌ట్రేడర్ చేతికి వెళ్లింది. ఉద్యోగుల్లో దాదాపు సగంమందిని తీసేశారు. అప్పటినుంచి నాకు లోపల టెన్షనే. కొన్న వెంటనే ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత తగ్గని ఆడియో ఫైళ్లు) దించి హార్డ్ డిస్కులో పెట్టుకుంటున్నాను.

నాకు రాత్రిపూట తీరిక ఉంటుంది, వెతకడమే ఇష్టం, నెలకి ఒకటో రెండో ఆల్బమ్‌లు చాలు. కాబట్టి సరిపోతోంది. రోజూ బస్సులో వెళ్తూ వినేవాళ్లకీ, పిల్లల పనుల్లో ఊపిరి సలపనివాళ్లకీ నెల చందా యాపే నయం కావచ్చు. సినిమా పాటలే కావాలంటే మాత్రం ఇక్కడికి రావడం అనవసరం.