వీధిలో పాడాలా, కేఫ్‌లో పాడాలా? సొంత పాటలున్నవాళ్లకు ఏది మేలు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో గిటారో వేణువో పట్టుకుని సొంతంగా నిలదొక్కుకోవాలనుకునే వాళ్లకు ఇప్పుడు మూడు దారులున్నాయి. ఫుట్‌పాత్ మీదో పార్కులోనో నిలబడి పాడటం, అంటే బస్కింగ్, మొదటిది. కేఫ్‌లో మాట్లాడుకున్న డబ్బుకు పాడటం రెండోది. ఈ రెండింటికీ మధ్యస్థంగా మాల్ ముంగిట్లో, వారాంతపు సంతలో, గేటెడ్ కమ్యూనిటీ లాన్‌లో పాడటం మూడోది. ఇంటద్దె కట్టుకోవాలంటే కేఫ్, మీ పాట జనానికి ఎక్కుతుందో లేదో తేలాలంటే వీధి. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతేనే చిక్కు.

కేఫ్‌లో కూర్చున్నవాళ్లు కాఫీకి వచ్చినవాళ్లు. పాట నచ్చకపోయినా బిల్లు వచ్చేదాకా లేవరు, మొహమాటానికి చప్పట్లు కూడా కొడతారు. వీధిలో ఆ మొహమాటం ఉండదు. పాట ఎత్తుకున్న పది సెకన్లలో అడుగు నెమ్మదించకపోతే మనిషి దాటిపోయినట్టే. అందుకే నిమిషంపాటు తీగలు మీటే ఇంట్రోలు, నిదానంగా సాగే ఆలాపనలు అక్కడ దండగ. పల్లవితోనే ఎత్తుకోవాలి. రెండో చరణం దగ్గర రోజూ జనం కదిలిపోతున్నారంటే లోపం జనంలో లేదు, చరణంలో ఉంది. స్టూడియోకి డబ్బు పోయకముందే అది తెలియడం వీధి ఇచ్చే అసలు లాభం.

వీధికి ఎనిమిది పాటలు చాలు. వినేవాళ్లు మారుతుంటారు కాబట్టి అరగంటకోసారి మళ్లీ మొదటికి రావచ్చు. మారనిది మాత్రం పక్కన పండ్ల బండివాడు, ఎదురుగా ఏటీఎం వాచ్‌మన్. అవే ఎనిమిది పాటలు మూడు గంటలు విన్న వాళ్ల నుంచే మొదటి ఫిర్యాదు వెళుతుంది. గంటకోసారి చోటు మార్చండి, మొదలుపెట్టే ముందు వాళ్లతో ఓ మాట చెప్పండి. కాగితం మీది అనుమతికన్నా కొన్నిసార్లు ఆ పలకరింపే ఎక్కువ పనిచేస్తుంది.

అలాగని కాగితం అక్కర్లేదని కాదు. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే. చేతిలో పట్టే బ్యాటరీ స్పీకరైనా పోలీసు లెక్కలో లౌడ్‌స్పీకరే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా వాడకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. పగటి పరిమితి వాణిజ్య ప్రాంతంలో 65 డెసిబెల్స్, నివాస ప్రాంతంలో 55. రద్దీ రోడ్డు పక్కన ట్రాఫిక్ మోతే ఆ 65ని దాటేస్తుంది కాబట్టి మీ పాట వినపడాలంటే మీరూ దాటాల్సిందే, దాటితే మాట పడాల్సిందే. వాహనాలు తిరగని చోటు వెతుక్కోమనేది ఇందుకే.

పోలీస్ స్టేషన్‌కి ఇచ్చే దరఖాస్తులో తేదీ, వేళ, కచ్చితంగా ఏయే చోట్లు, ఎంతమంది, స్పీకర్ ఎన్ని వాట్లు అన్నవి రాసి, ముద్ర వేయించుకున్న నకలు గిటార్ కేసులోనే పెట్టుకోండి. హుస్సేన్‌సాగర్ చుట్టూ ఉన్న పార్కులైతే పోలీసులతోపాటు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏను కూడా అడగాలి. ఇంత చేసినా భరోసా ఉండదు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ప్రపంచ ప్రసిద్ధ బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ పాడుతుండగానే ఒక పోలీసు వచ్చి వైరు పీకేశాడు. అనుమతి ఉందని గాయకుడు, ఇవ్వలేదని పోలీసులు. అంతటివాడికే అలా అయినప్పుడు మనకు ‘సరే సార్’ అని సర్దుకోవడమే తెలివి. వాదనకు దిగితే ఆ చోటు మళ్లీ దొరకదు.

ఇంకో మెలిక ఉంది. బహిరంగ స్థలంలో పాడి డబ్బు అడగడాన్ని 1959 నాటి బొంబాయి చట్టం భిక్షాటన కిందే లెక్కగట్టింది. దాన్ని ఢిల్లీకి వర్తింపజేసిన తీరులో చాలా సెక్షన్లను 2018లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 1977లో యాచక నిరోధక చట్టం వచ్చింది. హరిదాసులు, బుడబుక్కలవాళ్లు తిరిగిన నేల మీద ఈ చట్టాలు చదువుతుంటే విడ్డూరంగానే ఉంటుంది కానీ, బోర్డు మీద ‘సహాయం చేయండి’ అని మాత్రం రాయకండి. మీ పేరు, ‘సొంత పాటలు’, పాటలు ఎక్కడ దొరుకుతాయో రాయండి, చాలు.

స్పీకర్ వాడాలా, ఉత్త గొంతేనా? ఉత్త గొంతుతో పాడితే లౌడ్‌స్పీకర్ గొడవే ఉండదు, బరువు మోయక్కర్లేదు. కానీ రోడ్డు పక్కన వేళ్లతో మీటే గిటార్ నాలుగడుగుల అవతల వినపడదు. వేణువు, వయొలిన్, శాక్సోఫోన్, డప్పు నెగ్గుకొస్తాయి. వెనక గోడ, పైన కప్పు ఉన్న చోట నిలబడితే గొంతు ఇంకొంచెం సాగుతుంది. నలభై నిమిషాలు పాడితే పావుగంట ఆపాలి, లేకపోతే మర్నాడు మాట కూడా రాదు.

స్పీకర్ వాడేట్టయితే చక్రాల మీద లాక్కెళ్లే ట్రాలీ స్పీకర్ జోలికి పోకండి. చవకే, మోతా ఎక్కువే, కానీ బరువు, పైగా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. చాలావాటిలో ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. కొత్తలో మూడు గంటలు నెట్టుకొస్తుంది. ఛార్జింగ్ లేకుండా నెల మూలన పడేస్తే పాడవుతుంది. బ్యాటరీ నీరసించిన సంగతి ముందు బేస్‌లోనే బయటపడుతుంది. గిటార్ గట్టిగా కొట్టిన ప్రతిసారీ శబ్దం చిరిగినట్టొస్తుంది. మైక్‌కీ గిటార్‌కీ విడివిడి ఇన్‌పుట్లున్న చిన్న బస్కింగ్ ఆంప్ (స్పీకర్‌తో కలిసొచ్చే యాంప్లిఫయర్) కొంటే ఖర్చు ఎక్కువైనా ఏళ్లపాటు నిలుస్తుంది. పెన్సిల్ సెల్స్‌తో నడిచే రకమైతే రీఛార్జ్ సెల్స్ రెండు సెట్లు ఉంచుకోండి. ఆంప్‌ని మీ వెనక పెడితే మైక్ దాన్నే విని కూతపెడుతుంది. పక్కకు, ఒక అడుగు ముందుకు, నడుము ఎత్తులో పెట్టండి. విశాఖ ఆర్కే బీచ్ లాంటి చోట మైక్‌కి స్పాంజి తొడుగు లేకపోతే గాలి చప్పుడే వినిపిస్తుంది. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి కాబట్టి పాడిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఎండలో తీగలు వేడెక్కి శ్రుతి దిగుతుంది, నీడలోకి రాగానే మళ్లీ ఎక్కుతుంది. పాడబోయే చోటే శ్రుతి చేసుకోండి.

ఇక డబ్బు. కేసు ఖాళీగా తెరిచి పెడితే ఎవరూ మొదటివాళ్లు కారు. ఒక యాభై, రెండు ఇరవైలు మీరే బోణీ వేసుకోండి. అరగంటకోసారి నోట్లు తీసి లోపల పెట్టండి, కుప్ప పెరిగితే ‘బాగానే వస్తోందిగా’ అని దాటిపోతారు. ఎక్కువమంది ఇచ్చేది క్యూఆర్ మీదే. స్కాన్ చేసే దూరంలో పదోవంతు వెడల్పుండాలి కోడ్, అంటే రెండు మీటర్ల నుంచి అందాలంటే 20 సెంటీమీటర్లు. ఏ4 కాగితం సరిపోతుంది. మెరిసే ల్యామినేషన్ వద్దు, వీధిదీపం దాని మీదే పడి కెమెరాకి తెల్లమచ్చ తప్ప ఏమీ కనపడదు. ఇన్‌స్టా కోడ్‌ని డబ్బు కోడ్ పక్కనే అతికించకండి, ఫోన్ తికమకపడుతుంది. యూపీఐ ఐడీలో ఫోన్ నంబర్ లేకుండా చూసుకోవాలి, అమ్మాయిలైతే తప్పనిసరిగా. లేకపోతే పది రూపాయలిచ్చినవాడు అర్ధరాత్రి మెసేజ్ పెడతాడు. సౌండ్‌బాక్స్ ఉంటే నోరు మూయించండి, చరణం మధ్యలో ‘ఇరవై రూపాయలు అందాయి’ అని అది అందుకుంటుంది.

ఉదాహరణకు మూడు గంటలకు 1,200 వచ్చాయనుకోండి. ఆటోకి రానుపోను 400, సెల్స్‌కీ నీళ్లకీ 50 పోతే మిగిలేది 750. పాడిన గంటకు 250 అనిపిస్తుంది. ప్రయాణం, సర్దుడు కలిపితే ఐదు గంటలు, అంటే గంటకు 150. వానొస్తే అదీ లేదు. కేఫ్‌లో ఒప్పుకున్నది 3,000 అయితే వానొచ్చినా 3,000 అనుకుంటారు. జనం లేరని సాయంత్రం నాలుక్కి ఫోన్ చేసి రద్దు చేసే కేఫ్‌లూ ఉంటాయి. అందుకే రద్దు చేస్తే ఎంతిస్తారు, డబ్బు ఆ రాత్రేనా నెలాఖరుకా, మిక్సరూ మైకులూ వాళ్లవేనా అన్న మూడు సంగతులు వాట్సాప్‌లో రాతగా ఉంచుకోండి. కేఫ్‌లో సొంత పాటల వాటా ఎలాగూ తక్కువే. జనానికి తెలిసినవి రెండు పాడి, మూడోది మీది పెట్టండి. మొదటి పాటగా మాత్రం పెట్టకండి.

సినిమా పాటల హక్కుల సంగతిలోనూ కేఫే కాస్త నయం, లైసెన్సు బాధ్యత మామూలుగా యాజమాన్యమే చూసుకుంటుంది. కాపీరైట్ చట్టంలో ఉచిత ప్రదర్శనకిచ్చిన మినహాయింపు ఔత్సాహిక సంఘాలకు, మత సంస్థల కోసం చేసేవాటికే. డబ్బు పెట్టె ముందు పెట్టుకున్న ఒంటరి గాయకుడికి అది వర్తించదు. వీధిలో ఎవరూ లెక్క అడగకపోవచ్చు, కానీ వీడియో యూట్యూబ్‌లో పెట్టగానే ఆదాయం మ్యూజిక్ కంపెనీకి పోవచ్చు. త్యాగరాజ, రామదాసు, అన్నమయ్య కీర్తనలకు ఆ బెడద లేదు, కాపీరైట్ ఉండేది కర్త పోయాక 60 ఏళ్లే, అవి ఎప్పుడో దాటాయి. అయితే కొత్త సంగీత దర్శకుడు కట్టిన బాణీలో పాడితే ఆ బాణీ మళ్లీ ఆయనదే.

మాల్, సంత, గేటెడ్ కమ్యూనిటీ దారి కొత్తవాళ్లకు అన్నిటికన్నా సుఖం. ప్రైవేటు స్థలం కాబట్టి చోటు కోసం అడగాల్సింది నిర్వాహకుల్నే, కరెంటు ప్లగ్గు ఉంటుంది, జనం నడుస్తూనే ఉంటారు కాబట్టి వీధి పరీక్ష సగమైనా జరుగుతుంది. అడిగితే కొందరు దారి ఖర్చులూ ఇస్తారు. లోటల్లా నేపథ్యంలో ఎప్పుడూ ఏదో ఒక ప్రకటన మోగుతుండటమే. మీరు పాడే వేళ దాన్ని ఆపిస్తామని ముందే మాట తీసుకోండి.

బ్రిటన్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు లండన్ ట్యూబ్ స్టేషన్లలో నేల మీద గీసిన అర్ధచంద్రాల్లో నిలబడి పాడేవాళ్లను చూసి ఉత్సాహపడతారు. అవి ఆడిషన్‌లో నెగ్గి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ల చోట్లు. పైగా స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి, వినోద ప్రదర్శకుడి పని రెండూ నిషిద్ధం. డబ్బు వేయడానికి ఎదురుగా టోపీ పెట్టి పాడితే వీసాకే ముప్పు. అక్కడ విద్యార్థిగా ఉన్నన్నాళ్లూ యూనివర్సిటీ మ్యూజిక్ సొసైటీలో డబ్బు తీసుకోకుండా పాడటమే క్షేమం.